సోషల్ సెక్యూరిటీ డిజెబిలిటీ బెనిఫిట్లు అన్ని మెట్లలోనూ కాదన్నారా? అమెరికా ఫెడరల్ కోర్టులో కేసు వేసే పద్ధతి, అంచెలంచెలుగా

"అప్పీల్స్ కౌన్సిల్ నుంచి కూడా లెటర్ వచ్చేసిందండీ, కేసు తిరగదోడేది లేదన్నారు. ఇక అయిపోయినట్టేనా?" డాలస్ నుంచి, ఎడిసన్ నుంచి, ఫ్రీమాంట్ నుంచి ఇదే ప్రశ్న. కొందరు తమ కోసం అడుగుతారు, ఎక్కువమంది అమ్మ కోసమో భర్త కోసమో.

అయిపోలేదు. అదే లెటర్‌లో కాస్త కిందికి వెళ్తే "సివిల్ యాక్షన్" అనే మాట కనిపిస్తుంది. ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో కేసు వేసుకునే హక్కు మీకుందని దాని అర్థం. ఆ కేసు ఎలా వేయాలో, ఎక్కడ జారిపడతారో వరుసగా చెప్తాను. ఇది వకీలు సలహాకు బదులు కాదు. వకీలు దొరికినా దొరక్కపోయినా ఏం జరుగుతోందో మీకు తెలియడానికి.

ఒక్క విషయం మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. "ఈ మనిషికి జబ్బుందా లేదా" అని ఫెడరల్ కోర్టు అడగదు. "కింది జడ్జి తన పని సరిగ్గా చేశారా, ఆయన చెప్పిన కారణాలకు కాగితాల్లో ఆధారం ఉందా" అని అడుగుతుంది. కింద చెప్పే ప్రతి అడుగూ దీన్నిబట్టే ఉంటుంది.

## 1. మీ కేసు కోర్టు దాకా వచ్చిందా?

కోర్టుకు ముందు నాలుగు మెట్లున్నాయి: మొదటి దరఖాస్తు, రీకన్సిడరేషన్, అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి ముందు హియరింగ్, అప్పీల్స్ కౌన్సిల్. నాలుగూ ఎక్కాకే కోర్టు. హియరింగ్‌లో ఓడిపోయి, అప్పీల్స్ కౌన్సిల్‌ను అడగకుండా నేరుగా కోర్టుకు వెళ్తే కేసు కొట్టేస్తారు.

అప్పీల్స్ కౌన్సిల్ "రివ్యూ చేయం" అంటే, హియరింగ్‌లో వచ్చిన నిర్ణయమే చివరి నిర్ణయం అవుతుంది. కోర్టు తప్పొప్పులు చూసేది దాంట్లోనే, కౌన్సిల్ పంపిన లెటర్‌లో కాదు. ఫెడరల్ జడ్జితో కలగాపులగం కాకుండా, ఆ అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జిని ఇక నుంచి హియరింగ్ జడ్జి అంటాను.

ఒకవేళ హియరింగ్ జరిగాక, అప్పీల్ ఆలస్యంగా వచ్చిందని కౌన్సిల్ కొట్టేసి ఉంటే? అప్పుడూ కోర్టుకు వెళ్ళొచ్చని 2019లో స్మిత్ వర్సెస్ బెర్రీహిల్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది.

మరో సంగతి. ఎందుకు కాదన్నారో చూడండి. "మీరు పని చేయగలరు" అన్నారా, లేక అసలు అర్హతే లేదన్నారా? ఎస్ఎస్‌డీఐకి (పని చేసి కట్టిన సోషల్ సెక్యూరిటీ పన్ను మీద వచ్చే బెనిఫిట్) పని క్రెడిట్లు కావాలి. మామూలుగా 40, అందులో 20 చివరి పదేళ్ళలో వచ్చినవై ఉండాలి, వయసు తక్కువుంటే తక్కువ చాలు. ఇండియాలో ఎన్నేళ్ళు ఉద్యోగం చేసినా ఇక్కడ లెక్కకు రాదు, రెండు దేశాల మధ్య ఆ ఒప్పందం లేదు. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు ఎస్ఎస్ఐ (ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్ళకిచ్చే బెనిఫిట్) దగ్గర నిబంధనలు ఇంకా గట్టివి. సాధారణంగా 40 క్వార్టర్ల (పైన చెప్పిన క్రెడిట్లే) పని చూపించాలి, పిల్లలు చేసిన పని వాళ్ళకు కలవదు. కాదన్నది ఈ కారణంతోనైతే, జబ్బు గురించి ఎంత రాసినా ఉపయోగం లేదు. ఆ దారి వేరు. ఇక్కడి నుంచి చెప్పేదంతా "పని చేయగలరు" అని కాదన్న కేసుల గురించే.

## 2. గడువు లెక్క ఈ రోజే కట్టండి

కౌన్సిల్ లెటర్ అందిన రోజు నుంచి 60 రోజులు. లెటర్ మీద ఉన్న తేదీకి 5 రోజుల తర్వాత అది మీకు అందినట్టు లెక్కేస్తారు. అది ఇంకా ఆలస్యంగా వచ్చిందని చూపించగలిగితే తప్ప ఈ లెక్క మారదు.

ఉదాహరణకు లెటర్ మీద మార్చి 3 అని ఉందనుకుందాం. మార్చి 8న అందినట్టు. అక్కడి నుంచి 60 రోజులు, అంటే మే 7. ఆ రోజుకల్లా కంప్లయింట్ కోర్టు క్లర్కు చేతికి చేరాలి. మే 7న పోస్ట్ చేస్తే చాలదు. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉంటే సరిపోతుందనుకుంటారు.

నా మాట వింటే, లెటర్ మీది తేదీ నుంచి 45 రోజులే మీ గడువు అనుకోండి. మిగతా రోజులు కాగితాల్లో తప్పులొస్తే దిద్దుకోవడానికి.

ఇంకా టైమ్ కావాలంటే అప్పీల్స్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా కారణం చెప్పి అడగాలి. ఆసుపత్రిలో ఉండటం, ఇంట్లో మరణం లాంటివి చెప్పుకోదగ్గ కారణాలు. గడువు పెంచుతున్నట్టు కాగితం చేతికొచ్చేదాకా పెరిగిందనుకోవద్దు. అరుదైన పరిస్థితుల్లో కోర్టు కూడా ఆలస్యాన్ని మన్నించగలదని 1986 నాటి బోవెన్ వర్సెస్ సిటీ ఆఫ్ న్యూయార్క్ తీర్పు చెబుతోంది. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవడం, రైలు కదిలాక చెయిన్ లాగుదాంలే అనుకోవడం లాంటిది.

ఈ రోజు చేయాల్సినవి:
- కౌన్సిల్ లెటర్‌ను, కవరుతో సహా, స్కాన్ చేసి పెట్టండి.
- 65వ రోజు ఏదో క్యాలెండర్‌లో రాయండి. 45వ రోజు కూడా.
- హియరింగ్ జడ్జి నిర్ణయం పూర్తి కాపీ మీ దగ్గరుందా? లేకపోతే ఇప్పుడే తెప్పించండి.
- అడ్రస్ మారి ఉంటే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు తెలపండి.

## 3. వకీలు కోసం వెంటనే వెతకండి, 50వ రోజున కాదు

హియరింగ్‌లో మీ తరఫున వచ్చినవాళ్ళు కోర్టుకూ వస్తారని లెక్క లేదు. వాళ్ళలో కొందరు అసలు వకీళ్ళే కారు. వకీళ్ళలోనూ ఫెడరల్ కోర్టు పని చేయనివాళ్ళు చాలామంది. ముందే అడిగి తేల్చుకోండి.

కోర్టు కేసులు తీసుకునే వకీలు మొట్టమొదట అడిగేది హియరింగ్ జడ్జి నిర్ణయం. అది చదివి, పట్టుకోదగ్గ తప్పు కనిపిస్తేనే తీసుకుంటారు. మీ కష్టం గురించి పది పేజీల ఈమెయిల్ రాసే బదులు నాలుగు కాగితాలు పంపండి: ఆ నిర్ణయం, కౌన్సిల్ లెటర్, కౌన్సిల్‌కు మీ తరఫున పంపిన వాదన, గడువు తేదీ. ఒకరు కాదంటే ఇంకొకరికి. ముగ్గురు నలుగురు కాదన్నంత మాత్రాన కేసులో బలం లేదని కాదు.

ఫీజు చాలావరకు గెలిస్తేనే. రెండు దారుల్లో వస్తుంది. ప్రభుత్వ వాదనకు తగిన ఆధారం లేదని తేలితే ఈజా (EAJA) అనే చట్టం కింద ప్రభుత్వమే ఇస్తుంది. మీకు బకాయిలు వస్తే, కోర్టు ఒప్పుకున్నమేరకు వాటిలో 25 శాతం మించకుండా వకీలు తీసుకోవచ్చు. కోర్టు పనికి రెండూ వస్తే, తక్కువది మీకు తిరిగి ఇవ్వాలి. ఒప్పందంలో ఈ మాట ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

ఇక చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అమ్మ తరఫున కొడుకు మాట్లాడతాడు, ఫారాలు నింపుతాడు, అంతా సాగిపోతుంది. ఫెడరల్ కోర్టులో అది కుదరదు. పెద్దవాళ్ళ కేసులో వకీలు కానివాళ్ళు వాళ్ళ తరఫున సంతకం పెట్టకూడదు, వాదించకూడదు. పక్కన కూర్చుని సాయం చేయండి, టైపు చేయండి, కానీ సంతకం అమ్మదే. చిన్నపిల్లల ఎస్ఎస్ఐ కేసుల్లో తల్లిదండ్రులకు కొన్ని సర్క్యూట్లు (ఫెడరల్ అప్పీలు కోర్టులు) వెసులుబాటు ఇచ్చాయి, మీ కోర్టులో ఎలాగో క్లర్కు ఆఫీసును అడగండి.

## 4. ఏ కోర్టు?

మీరు ఉండే కౌంటీ ఏ ఫెడరల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుందో అదే. ఊరి పేరు చూసి ఊహించొద్దు. ఇర్వింగ్‌లో ఉంటే డాలస్ కౌంటీ కాబట్టి నార్తరన్ డిస్ట్రిక్ట్ ఆఫ్ టెక్సస్. అక్కడికి అరగంట దూరంలోని ప్లేనోలో ఉంటే కాలిన్ కౌంటీ, అది ఈస్టరన్ డిస్ట్రిక్ట్. ఎడిసన్ వాళ్ళకు న్యూజెర్సీ మొత్తానికీ ఒకటే డిస్ట్రిక్ట్. ఫ్రీమాంట్ వాళ్ళకు నార్తరన్ డిస్ట్రిక్ట్ ఆఫ్ కాలిఫోర్నియా.

ఈలోగా హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్ళి అక్కడే స్థిరపడితే? అమెరికాలో ఏ డిస్ట్రిక్ట్‌లోనూ నివాసం లేనివాళ్ళకు వాషింగ్టన్‌లోని డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా ఫెడరల్ కోర్టు ఉంది.

## 5. కంప్లయింట్: చిన్నగా, సూటిగా

2022 డిసెంబర్ 1 నుంచి సోషల్ సెక్యూరిటీ కేసులకు ప్రత్యేక నియమాలు వచ్చాయి. పని చాలా తేలికైంది. ఫెడరల్ కోర్టుల వెబ్‌సైట్‌లో "ప్రో సే 13" అనే ఫారం సరిగ్గా ఇలాంటి కేసు కోసమే తయారుచేసింది. సొంతంగా వేసేవాళ్ళు దాన్ని వాడుకోవచ్చు.

కంప్లయింట్‌లో ఉండాల్సినవి:
- ఇది 42 యు.ఎస్. కోడ్ సెక్షన్ 405(జి) కింద వేస్తున్న కేసు అన్న మాట.
- ఏ చివరి నిర్ణయాన్ని ప్రశ్నిస్తున్నారు. నోటీసు మీద దానికో గుర్తింపు కోడ్ ఉంటే అదీ రాయాలి.
- బెనిఫిట్ ఎవరి కోసమో వాళ్ళ పేరు, ఉండే కౌంటీ.
- ఎవరి సంపాదన రికార్డు మీద అడుగుతున్నారో వాళ్ళ పేరు.
- ఏ బెనిఫిట్: ఎస్ఎస్‌డీఐయా, ఎస్ఎస్ఐయా, రెండూనా.
- ప్రతివాదిగా కమిషనర్ ఆఫ్ సోషల్ సెక్యూరిటీ. ఆ కుర్చీలో మనిషి మారినా కేసు ఆగదు.

కారణాలు రెండు మూడు వాక్యాల్లో రాస్తే చాలు, రాయకపోయినా నియమం ఒప్పుకుంటుంది. వాదనంతా ఇక్కడే గుమ్మరించొద్దు, దానికి తర్వాత ఇచ్చే రాతపూర్వక వాదన, బ్రీఫ్, ఉంది. సోషల్ సెక్యూరిటీ నంబరు పూర్తిగా మాత్రం ఎక్కడా రాయొద్దు.

దీంతోపాటు సివిల్ కవర్ షీట్, జేఎస్ 44 అంటారు, ఒక పేజీ.

ఫైలింగ్ ఫీజు మొత్తం 405 డాలర్లు. కట్టలేనివాళ్ళు "ఇన్ ఫార్మా పాపరిస్" దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆదాయం, ఖర్చులు, బ్యాంకులో ఉన్నది, భార్య లేదా భర్త సంపాదన అన్నీ ఒట్టు పెట్టి రాయాలి. ఇండియాలో ఉన్న స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఆస్తే. దాచి దొరికితే కేసే పోతుంది. కంప్లయింట్, ఈ దరఖాస్తు రెండూ ఒకేసారి, గడువులోపలే ఇవ్వండి. ఫీజు సంగతి తేలాక కేసు వేద్దాంలే అని ఆగొద్దు.

సొంతంగా వేసేవాళ్ళు ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చా, స్వయంగా వెళ్ళి ఇవ్వాలా అన్నది కోర్టు కోర్టుకీ మారుతుంది. ఫోన్ చేసి అడగండి. క్లర్కులు న్యాయ సలహా ఇవ్వరు గానీ పద్ధతి చెప్తారు.

## 6. దాఖలు చేశాక

పాత రోజుల్లో సమన్లు పట్టుకుని మూడు చోట్లకు పంపాల్సి వచ్చేది. కొత్త నియమాల్లో ఆ పని లేదు. సోషల్ సెక్యూరిటీ వకీళ్ళ ఆఫీసుకూ, మీ జిల్లా యు.ఎస్. అటార్నీ ఆఫీసుకూ కోర్టే ఎలక్ట్రానిక్ నోటీసు పంపుతుంది.

ఆ నోటీసు వెళ్ళిన 60 రోజుల్లో ప్రభుత్వం జవాబు ఇవ్వాలి. జవాబంటే పెద్ద వాదనేమీ కాదు, చాలాసార్లు మీ కేసు రికార్డు మొత్తాన్ని సర్టిఫై చేసి పెట్టడమే. గడువు పొడిగించమని అడగటం మామూలే, టెన్షన్ పడకండి.

ఈ సమయంలోనే మెజిస్ట్రేట్ జడ్జికి (డిస్ట్రిక్ట్ జడ్జికి సాయంగా ఉండే ఫెడరల్ జడ్జి) సమ్మతిస్తారా అని ఒక ఫారం రావచ్చు. ఒప్పుకుంటే ఆయనే తీర్పు ఇస్తారు. ఒప్పుకోకపోయినా చాలా కోర్టుల్లో ముందు మెజిస్ట్రేటే సిఫార్సు రాసి డిస్ట్రిక్ట్ జడ్జికి పంపుతారు. ఆ సిఫార్సు మీకు వ్యతిరేకంగా వస్తే అభ్యంతరాలకు 14 రోజులే. ఒప్పుకోలేదని మీ మీద ఎవరూ కక్ష కట్టరు.

## 7. రికార్డు చదివే వరుస

వందల పేజీల పీడీఎఫ్ వస్తుంది, ఒక్కోసారి వెయ్యి దాటుతుంది. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడితే వారంలో విసుగొచ్చి వదిలేస్తారు. ఈ వరుసలో చదవండి.

ముందు హియరింగ్ జడ్జి నిర్ణయం. రెండుసార్లు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఆయన చెప్పిన ప్రతి కారణం కిందా గీత గీయండి. ప్రతి కారణం పక్కన ఒక ఎగ్జిబిట్ నంబరు ఉంటుంది. ఆ పేజీ తెరిచి నిజంగా ఆ మాట అక్కడ ఉందా చూడండి. ఓపికగా చేయాల్సిన పని ఇదొక్కటే, గెలుపోటములు ఎక్కువగా ఇక్కడే తేలతాయి.

తర్వాత హియరింగ్ ట్రాన్స్‌క్రిప్ట్, ముఖ్యంగా ఏ ఉద్యోగాలు చేయగలరో చెప్పే వొకేషనల్ ఎక్స్‌పర్ట్‌ను జడ్జి అడిగిన ప్రశ్నలు. ఆ తర్వాతే వైద్య రికార్డు.

ఎగ్జిబిట్లకు అక్షరాలుంటాయి. చివర ఎఫ్ ఉన్నవి వైద్య కాగితాలు. 'ఇ' (E) ఉన్నవి మీరు నింపిన ఫారాలు, పని చరిత్ర. డి ఉన్నవి సంపాదన వివరాలు. కానీ బ్రీఫ్‌లో చూపించాల్సింది పీడీఎఫ్ పేజీ కాదు, ప్రతి పేజీ కింద ముద్రించిన ట్రాన్స్‌క్రిప్ట్ పేజీ నంబరు.

తెలుగు ఇంటర్‌ప్రెటర్‌తో హియరింగ్ జరిగి ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఇంకోసారి చూడండి. "వినబడలేదు" అని గుర్తుపెట్టిన చోట్లు, ప్రశ్నకూ జవాబుకూ పొంతన లేని చోట్లు పేజీ నంబరుతో రాసుకోండి. అక్కడక్కడ ఒక మాట పోతే కోర్టు పట్టించుకోదు. అసలైన సాక్ష్యమే తారుమారైతే పట్టించుకుంటుంది.

## 8. ఏ తప్పులు నిలుస్తాయి

కోర్టు కొలబద్ద పేరు సబ్‌స్టాన్షియల్ ఎవిడెన్స్. పేరు పెద్దదిగానీ కొలత చిన్నదే. బుద్ధి ఉన్న మనిషి చాలునని ఒప్పుకోగల ఆధారం ఉంటే సరిపోతుంది, 1971లో రిచర్డ్‌సన్ వర్సెస్ పెరాలెస్ కేసులో చెప్పిన మాట ఇది. ఆ గీత ఎత్తుగా లేదని 2019లో బీస్టెక్ కేసులో మళ్ళీ చెప్పారు. కాబట్టి "మా వైపు ఆధారాలు ఎక్కువున్నాయి" అన్న వాదన నిలవదు. రెండు వైపులా ఆధారాలుంటే హియరింగ్ జడ్జి ఎటు మొగ్గినా కోర్టు వదిలేస్తుంది.

నిలిచేవి వేరే రకం తప్పులు.

డాక్టరు అభిప్రాయాన్ని ఊరికే తోసేయడం. 2017 మార్చి 27 నుంచి వేసిన దరఖాస్తుల్లో "ట్రీటింగ్ డాక్టరు మాటకే ఎక్కువ విలువ" అన్న పాత నియమం లేదు. దాన్ని ఇంకా వాదించేవాళ్ళున్నారు, అనవసరం. ఇప్పుడు జడ్జి రెండు విషయాలు వివరించాలి: ఆ డాక్టరు తన మాటకు సొంత పరీక్షల ఆధారం చూపించారా, ఆ మాట మిగతా రికార్డుతో పొసుగుతుందా. రెండింటిలో ఏది వివరించకపోయినా అది పట్టుకోదగ్గ తప్పు.

తానే ఒప్పుకున్న పరిమితిని తానే మరిచిపోవడం. ఏకాగ్రతలో ఓ మోస్తరు ఇబ్బంది ఉందని ఒక పేజీలో రాస్తారు. మీరు ఏం చేయగలరో చెప్పే ఆర్ఎఫ్‌సీలో దాని ఊసే ఉండదు, ఎక్స్‌పర్ట్‌ను అడిగిన ప్రశ్నలోనూ ఉండదు. ఎందుకు వదిలేశారో కూడా చెప్పరు.

ఏరుకున్న ముక్కలు. ఇది మనవాళ్ళ రికార్డుల్లో తెగ కనిపిస్తుంది. డాక్టరు "ఎలా ఉన్నారు" అనగానే మన పెద్దవాళ్ళ నోట వచ్చేది "బాగానే ఉన్నానండీ". మర్యాదకు అన్న ఆ మాట రికార్డులో "పేషెంట్ బాగున్నానని చెప్పారు" అని ఎక్కుతుంది, దాన్నే హియరింగ్ జడ్జి ఎత్తిరాస్తారు. అదే పేజీలో కింద కీళ్ళ వాపు, చేతి పట్టు తగ్గడం రాసి ఉంటాయి. జడ్జి చూపించిన పేజీలోనే ఆయన వదిలేసిన వాక్యం చూపించండి, అంతకంటే బలమైన జవాబు లేదు. ఇండియా ప్రయాణం సంగతీ ఇంతే. "సుదీర్ఘ విమాన ప్రయాణం చేశారు" అంటారు. వీల్‌చెయిర్‌లో వెళ్ళారని రికార్డులో ఉంటే ఆ పేజీ చూపించండి. లేకపోతే ఇప్పుడు కొత్తగా చెప్పలేరు.

ఇంటి పనిని ఉద్యోగంతో సమానం చేయడం. కాసేపు వంట చేసి పడుకునే మనిషి వారానికి 40 గంటలు పని చేయగలరని తేల్చడం. మీరు ఫారంలో రాసిన పూర్తి జవాబు, విశ్రాంతి గురించిన వాక్యంతో సహా, బ్రీఫ్‌లోకి ఎక్కించండి.

పాత ఉద్యోగాన్ని తప్పుగా వర్గీకరించడం. కిరాణా కొట్లో బియ్యం బస్తాలు మోసిన మనిషిని "క్యాషియర్" అని రాసేయడం లాంటివి. మీ పని చరిత్ర ఫారంతో పోల్చి చూడండి. 2024 జూన్ 22 నుంచి గత 5 ఏళ్ళ పనినే చూస్తున్నారు, అంతకుముందు 15 ఏళ్ళు. మీ నిర్ణయం తేదీనిబట్టి ఏది వర్తిస్తుందో చూసుకోండి.

ఇంకో మాట. ఇంగ్లీషు రాకపోవడం ఒకప్పుడు నిర్ణయంలో లెక్కకు వచ్చేది. 2020 ఏప్రిల్ 27 నుంచి చదువు విభాగంలో దాన్ని తీసేశారు. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఉద్యోగం రాదన్న వాదన మీద పేజీలు ఖర్చు చేయకండి.

## 9. బ్రీఫ్ రాయడం

ప్రభుత్వం జవాబు దాఖలు చేసిన 30 రోజుల్లో మీ బ్రీఫ్ వెళ్ళాలి. సాక్షులు ఉండరు, జ్యూరీ ఉండదు, చాలా కేసుల్లో కోర్టు గది మెట్లు కూడా ఎక్కరు. మీ కేసంతా ఈ బ్రీఫే. ఎన్ని పేజీలు, ఏ అచ్చు, ఏ శీర్షికలు అన్నది మీ కోర్టు లోకల్ రూల్స్‌లో ఉంటుంది, ముందే చదవండి.

రెండు మూడు బలమైన తప్పులు ఎంచుకోండి. పది రాస్తే పదీ పలచబడతాయి. ప్రతి తప్పుకూ నాలుగు ముక్కలుండాలి: జడ్జి ఏమన్నారు, నియమం ఏమంటుంది, రికార్డులో ఏ పేజీలో ఏముంది, దానివల్ల ఫలితం ఎలా మారుతుంది.

ఇలా రాయకండి: "మా నడుము నొప్పి భరించరానిది. జడ్జి మా మాట నమ్మలేదు. చాలా అన్యాయం జరిగింది."

ఇలా రాయండి, ఇంగ్లీషులో, మీ పేజీ నంబర్లతో: "వాది రోజుకు 6 గంటలు కూర్చోగలరని జడ్జి తేల్చారు, 24వ పేజీ. ఒక విడతలో 20 నిమిషాలకు మించి కూర్చోలేరని వైద్యుడు రాశారు, 412. అది రికార్డుతో పొసగదని జడ్జి ఒక్క వాక్యంలో కొట్టేశారు, ఏ రికార్డుతోనో చెప్పలేదు. వైద్యుడి సొంత పరీక్షలు 398, 405, 431 పేజీల్లో ఉన్నాయి, వాటి ప్రస్తావనే లేదు. అలాంటి పరిమితి ఉన్న మనిషికి ఉద్యోగాలు లేవని ఎక్స్‌పర్ట్ 67వ పేజీలో చెప్పారు."

ఆ చివరి వాక్యం చాలామంది మరిచిపోతారు. తప్పు జరిగినా ఫలితం మారేది కాదనిపిస్తే, దాన్ని హానిలేని తప్పుగా కోర్టు కొట్టిపారేస్తుంది.

కొత్త ఎంఆర్ఐ జతచేసి పంపడం ఇంకో పెద్ద పొరపాటు. కోర్టు పాత రికార్డునే చూస్తుంది. కొత్త కాగితం కోసం కేసు వెనక్కి పంపాలంటే మూడూ చూపించాలి: అది నిజంగా కొత్తది, ఫలితాన్ని మార్చగలది, ముందే ఇవ్వలేకపోవడానికి సరైన కారణం ఉంది. దీన్ని, 405(జి)లోని ఆరో వాక్యాన్నిబట్టి, సిక్స్త్ సెంటెన్స్ రిమాండ్ అంటారు, దొరకడం కష్టం. నిర్ణయం వచ్చిన తర్వాత జబ్బు ముదిరిందని చెప్పే ఎంఆర్ఐ అయితే అది ఇక్కడ కాదు, కొత్త దరఖాస్తుకు పనికొస్తుంది.

పంపే ముందు:
- రికార్డు గురించిన ప్రతి వాక్యానికీ పేజీ నంబరు ఉందా? నియమమే అడుగుతోంది.
- ఆ పేజీలు మళ్ళీ ఒకసారి తెరిచి చూశారా?
- మీ సర్క్యూట్ తీర్పులే చూపించారా? టెక్సస్‌కు ఫిఫ్త్, న్యూజెర్సీకి థర్డ్, కాలిఫోర్నియాకు నైన్త్.
- చివర ఏం కోరుతున్నారో రాశారా? "నిర్ణయాన్ని రద్దుచేసి బెనిఫిట్లు ఇవ్వండి, లేదా తిరిగి విచారణకు పంపండి" అని రెండూ అడగండి.
- సంతకం, తేదీ, ఫోన్ నంబరు.

## 10. వాళ్ళ జవాబు, మీ రిప్లై

ప్రభుత్వానికి 30 రోజులు. తర్వాత మీ రిప్లైకి 14 రోజులే, కాబట్టి ఆ రెండు వారాలు ఖాళీగా పెట్టుకోండి. రిప్లైలో మొదటి బ్రీఫ్‌నే మళ్ళీ చెప్పకండి. ప్రభుత్వ వకీలు చూపించిన కారణం హియరింగ్ జడ్జి నిర్ణయంలో ఉందా అని వెతకండి. చాలాసార్లు ఉండదు. జడ్జి చెప్పని కారణాన్ని వకీలు తర్వాత అతికించకూడదు, 1943 నాటి చెనరీ తీర్పు నుంచి ఇదే సూత్రం. ఒక పేరాలో ఇది చూపించగలిగితే రిప్లై పని అయినట్టే.

మీ బ్రీఫ్ చదివాక ప్రభుత్వమే రాజీగా "కేసు వెనక్కి పంపుదాం" అని ప్రతిపాదించవచ్చు. ఎక్కువమందికి అది మంచి వార్తే.

## 11. కేసు నడుస్తుండగా

వైద్యం ఆపకండి. వెనక్కి పంపితే ఈ నెలల రికార్డే అక్కరకొస్తుంది.

కోర్టులో కేసు ఉండగా కొత్త దరఖాస్తు పెట్టుకోవచ్చు, హియరింగ్ జడ్జి నిర్ణయం తర్వాతి కాలానికి. ఎస్ఎస్‌డీఐ అయితే "డేట్ లాస్ట్ ఇన్‌ష్యూర్డ్", అంటే పని క్రెడిట్ల మీద ఎస్ఎస్‌డీఐ హక్కు ఉండే చివరి తేదీ, ముందు చూడండి. అది ఆ నిర్ణయానికి ముందే దాటిపోయి ఉంటే కొత్త దరఖాస్తుతో పెద్దగా ప్రయోజనం ఉండదు, కోర్టు కేసే దిక్కు.

అడ్రస్ మారితే కోర్టుకు వెంటనే రాయండి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు చెప్పాం కదా అనుకోవద్దు, రెండూ వేరు.

## 12. తీర్పు వచ్చాక

మూడు రకాలు. నిర్ణయాన్ని సమర్థించడం, రద్దుచేసి నేరుగా బెనిఫిట్లు ఇవ్వమనడం, రద్దుచేసి మళ్ళీ విచారించమనడం. రెండోది అరుదు. గెలిచినవాళ్ళకు మామూలుగా వచ్చేది మూడోది, ఫోర్త్ సెంటెన్స్ రిమాండ్. అంటే చెక్కు రాదు, ఇంకో హియరింగ్ వస్తుంది. ఇంట్లోవాళ్ళకు ఈ మాట ముందే చెప్పి పెట్టండి.

ఓడిపోతే సర్క్యూట్ కోర్టులో అప్పీలు నోటీసుకు 60 రోజులు. తీర్పును సవరించమని అదే జడ్జిని అడగడానికి 28 రోజులు.

రిమాండ్ వస్తే ఫైలు అప్పీల్స్ కౌన్సిల్ మీదుగా మళ్ళీ హియరింగ్ జడ్జి దగ్గరికి వెళ్తుంది. ఇప్పుడు కొత్త కాగితాలన్నీ ఇవ్వొచ్చు, ఆ ఎంఆర్ఐతో సహా. కోర్టు ఏ తప్పు పట్టుకుందో ఆ విషయం మీద డాక్టరుతో కొత్త అభిప్రాయం రాయించండి: ఎంతసేపు కూర్చోగలరు, ఎంత బరువు ఎత్తగలరు, నెలకు ఎన్ని రోజులు రాలేకపోవచ్చు. "డిజేబుల్డ్" అన్న ఒక్క మాట రాసిస్తే పనికిరాదు, అంకెలు కావాలి.

రెండోసారీ కాదంటే గడువులు మొదటిసారిలా ఉండవు. కౌన్సిల్‌కు అభ్యంతరాలు పంపాలంటే 30 రోజులే. పంపకపోయినా, కౌన్సిల్ తనంతట తాను కలగజేసుకోకపోతే, 60 రోజులు గడిచాక ఆ నిర్ణయం చివరిది అవుతుంది. మళ్ళీ కోర్టుకు వెళ్ళే 60 రోజుల లెక్క అప్పుడు మొదలవుతుంది. ఈసారి కౌన్సిల్ నుంచి లెటర్ వస్తుందిలే అని ఎదురుచూడకండి, రాకపోవచ్చు. నిర్ణయం చేతికొచ్చిన రోజునే నోటీసు మొత్తం చదివి రెండు తేదీలూ క్యాలెండర్‌లో ఎక్కించండి.